చివరి ఎనిమిది పేజీలు

నేను పుస్తకాల మీద బ్లాగు రాస్తాను. చోడవరంలో ఈ మాట ఎవరికైనా చెబితే కాసేపు ఆలోచించి, "అంటే షాపా?" అని అడుగుతారు. షాపు కాదని చెప్పాక ఇంకేమీ అడగరు.

అంతకుముందు ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకి తెలుగు చెప్పేవాడిని. సంస్కృతంలో మార్కులు బాగా వేస్తారని పిల్లలు ఏటేటా అటు వెళ్ళిపోయారు. ఆఖరి సంవత్సరం నా క్లాసులో నలుగురు మిగిలారు. అందులో ఇద్దరు సంస్కృతం ఫారం నింపడం మరిచిపోయినవాళ్ళు. కాలేజీ వాళ్ళు నాకు శాలువా కప్పి పంపించారు. నా భార్య దేవరాపల్లిలో నర్సు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి వస్తుంది. కాబట్టి వంటా, ఇల్లూ, ఇద్దరు పిల్లలూ నా ఉద్యోగం అయ్యాయి. మధ్యలో దొరికిన టైంలో చదువుతాను, రాస్తాను. నా బ్లాగు చదివేవాళ్ళు ఒక పెళ్ళి బస్సుకి సరిపోతారు. అందులో సగం మంది తాము రాసిన పుస్తకం గురించి నేను ఎప్పుడు రాస్తానా అని చూసేవాళ్ళు.

ఇది జరిగినప్పుడు మా అమ్మాయి అయిదో క్లాసు, అబ్బాయి ఒకటో క్లాసు. అమ్మాయి చదవడం మొదలుపెట్టాక ఇంట్లో ఉన్న అక్షరం ఏదీ వదలలేదు. మందుల అట్టపెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు కూడా పూర్తిగా చదివి, ఏ మందు వల్ల ఏం రావచ్చో భోజనాల దగ్గర మాకు చెప్పేది. అబ్బాయికి ఇంకా చదవడం రాదు. వినడం వచ్చు. విన్నది మొత్తం నమ్మడం కూడా వచ్చు.

ఆ ఏడాది వానాకాలంలో వాడికి ఒక కథ చదివి వినిపించాను. కథ మంచిది. చివర చిలక చచ్చిపోతుంది. వాడు మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం పాలు తాగలేదు. నా భార్య డ్యూటీ నుంచి వచ్చి వాడి నుదురు ముట్టుకుని, సంచి కింద పెట్టకుండానే థర్మామీటరు తీసింది.

"నూటొకటి ఉంది. ఏటయ్యింది వీడికి?"

"చిలక చచ్చిపోయింది," అన్నాను.

"ఏ చిలక?"

"కథలో."

ఆమె నన్ను కాసేపు చూసింది. రోజంతా ఓపీలో మనుషుల్ని చూసి వచ్చిన చూపు అది. "ఇకనుంచి ఈ ఇంట్లో ఏ పుస్తకమైనా ముందు ఎవరో ఒకరు చూసి, అప్పుడు పిల్లోడికి ఇవ్వండి," అంది.

సాహిత్యం మనసుని గట్టిపరుస్తుందని నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆమె మందు కోసం లోపలికి వెళ్ళిపోయింది. అమ్మాయి ఆ గదిలోనే కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. అమ్మ మాటకి తల ఊపింది అమ్మాయే గాని నేను కాదు. అప్పుడు నేను అంత పట్టించుకోలేదు.

దసరా సెలవుల ముందు నాకు పోస్టులో ఒక నవల వచ్చింది. రాసినాయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. రోలుగుంట వైపు ఒక పల్లెటూళ్ళో ఉంటాడు. సొంతంగా అచ్చు వేయించుకున్న మొదటి పుస్తకం. కథ ఒక పల్లె సర్వీసు బస్సుది. ఒక స్టాపులో ఒక ఊరకుక్క రోజూ బస్సెక్కుతుంది, నాలుగు ఊళ్ళు దాటాక దిగిపోతుంది, సాయంత్రం ట్రిప్పులో తిరిగి వస్తుంది. ఎందుకెళ్తుందో ఎవరికీ తెలియదు. ప్రయాణికులు కొందరు గొడవ పెడతారు, కొందరు దానికి సీటు కింద చోటిస్తారు. కండక్టరు దాని గురించి పైవాళ్ళకి రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకుంటాడు. అంతే కథ. చాలా బాగుంది.

చివరి పేజీలో వాన పడుతుంటుంది. బస్సు ఆలస్యంగా వస్తుంది. కుక్క స్టాపులో నిలబడి ఉంటుంది. కండక్టరు విజిల్ వేస్తాడు, తలుపు తెరుచుకుంటుంది. అక్కడితో అయిపోయింది. తర్వాత కాగితం మీద రచయిత చిరునామా, ఫోను నంబరు ఉన్నాయి.

నేను రెండుసార్లు చదివి, చాలా రోజుల తర్వాత మనసుపెట్టి రాశాను. ముఖ్యంగా ముగింపు గురించి నాలుగు పేరాలు రాశాను. 'మరొకరైతే చివర్లో ఆ కుక్కని చంపేసి మనచేత కన్నీళ్ళు పెట్టించేవారు. ఈయన ఆ చవక పని చేయలేదు. తలుపు తెరిచి వదిలేశారు. ఇంతటి నిగ్రహం తలపండిన రచయితల్లో కూడా అరుదు' అని రాశాను. రాసింది నాకే నచ్చి, నా భార్యకి చదివి వినిపించాను. ఆమె చీరలు మడతపెడుతూ విని, బాగుంది అంది.

మర్నాడు ఒక పాఠకుడు కింద కామెంటు పెట్టాడు. 'చివర కుక్క చనిపోతుంది కదండీ?' అని.

నేను అతనికి ఓపిగ్గా జవాబిచ్చాను. విషాదాంతాలకి అలవాటు పడినవాళ్ళు పుస్తకంలో లేని విషాదాన్ని కూడా ఊహించుకుంటారని, తొందర లేకుండా మళ్ళీ ఒకసారి చదివితే రచయిత చూపు అర్థమవుతుందని రాశాను. అతను మళ్ళీ ఏమీ రాయలేదు. ఒప్పుకున్నాడనుకున్నాను.

మూడో రోజు రచయితే ఫోను చేశాడు. నేను అప్పుడు పిల్లల యూనిఫారాలు ఆరేస్తున్నాను.

"బాబూ, నాను కుక్క నవల రాసినోణ్ణి. మీరు రాసింది మా మనవడు ఫోనులో సదివి ఇనిపించేడు. చానా సంతోషం బాబూ. ఇన్నేళ్ళలో నా గురించి ఎవరూ అంత రాయలేదు."

"మీ పుస్తకం అంత బాగుందండి," అన్నాను.

"ఒక సిన్న డౌటు. మీరు ఆఖరిదాకా సదివేరా?"

"రెండుసార్లు చదివానండి."

ఆయన దగ్గు వచ్చినట్టు గొంతు సవరించుకున్నాడు. "మరి కుక్క సచ్చిపోయింది గదండి," అన్నాడు.

నేను తడి చొక్కా భుజాన వేసుకుని లోపలికి వెళ్ళి పుస్తకం తీశాను. పేజీ నంబర్లు ఆయన అడుగుతూ ఉంటే నేను చెప్పాను. నా కాపీ రెండు వందల పన్నెండుతో అయిపోయింది. ఆయన నవల రెండు వందల ఇరవై దాకా ఉంది.

"బైండింగులో పోయినట్టున్నాయండి," అన్నాను. నాకు తట్టింది అదే. పుస్తకాలతో ఇన్నాళ్ళుగా ఉన్నవాడిని కాబట్టి, ప్రెస్సుల్లో ఇలాంటివి మామూలేనని కూడా చెప్పాను.

"అయితే ఎన్ని కాపీలకి పోయినాయో సూడాలి," అని ఫోను పెట్టేశాడు.

ఆ రివ్యూ ఏం చేయాలో తెలియక అలాగే ఉంచాను. రెండు రోజుల తర్వాత ఆయన మళ్ళీ ఫోను చేశాడు. గొంతు అలిసిపోయి ఉంది.

"ఇంట్లో ఉన్న కట్టలన్నీ ఇప్పేము బాబూ. నానూ మా ఇంటిదీ కూకుని ఒక్కోటీ తిరగేసేము. అన్నింటికీ పేజీలున్నాయి. ప్రెస్సోడికి ఫోను చేసి నాలుగు మాటలన్నాను. ఆడు పిల్లల మీద ఒట్టు పెట్టేడు. మీ ఒక్క దానికే ఎలగ పోయినాయో ఏటి సెప్మీ."

నాకూ తెలియదన్నాను. డెబ్భై ఏళ్ళ మనిషి, ఆయన భార్యా నేల మీద కూర్చుని రెండు రోజులు పుస్తకాలు తిరగేశారన్నది మాత్రం మనసులో ఉండిపోయింది.

ఆ సాయంత్రం నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. నా భార్య డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంది. అబ్బాయి ఆమె పక్కన చేరాడు.

"అమ్మా, కుక్కకి బస్సు పాసు ఇస్తారా?"

"ఇవ్వరు నాన్నా."

"ఈ కుక్కకి ఇచ్చేరు. కండక్టరే ఇచ్చేడు. అదిప్పుడు వైజాగులో ఉంది, బీచి కాడ. ఆదివారం మాత్రం ఇటొస్తాది."

"ఏ కుక్క?"

"నాన్న పుస్తకంలో కుక్క."

నేను కత్తి కింద పెట్టాను. నా కాపీలో వైజాగు లేదు. రచయిత కాపీలో కూడా లేదు. అంటే ఈ నవలకి ఇంకొక ముగింపు ఎక్కడో ఉంది.

అమ్మాయిని పిలిచాను. హోంవర్కు పుస్తకంలో వేలు పెట్టుకుని వచ్చింది.

"కుక్క నవలలో చివరి పేజీలు ఏమయ్యాయో నీకు తెలుసా?"

"తీసేసేను," అంది.

"ఎందుకు?"

"కుక్క సచ్చిపోతాది నాన్నా." పాలు విరిగిపోయాయని చెప్పినట్టు చెప్పింది. "తమ్ముడికి రోజూ సదివి ఇనిపిస్తన్నాను. అమ్మ ముందు సూసి ఇమ్మంది గదా."

నా భార్య నా వైపు చూసింది. నేను అమ్మాయి వైపే చూశాను.

"తీసేస్తే నాకు చెప్పాలి కదమ్మా."

"నువ్వు సదివేవు గదా. నీకు తెలిసిపోయుంటాదనుకున్నాను. రివ్యూ కూడా రాసేవు."

 తేరుకున్నాక ఇంకా ఏవైనా పుస్తకాలకి ఇలా చేసిందా అని అడిగాను. ఆమె లోపలికి వెళ్ళి రెండు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకదానిలో తుపాను వచ్చిన అధ్యాయం మొత్తం అంచులకి జిగురు రాసి అంటించేసి ఉంది. ఇంకొకదానిలో ఒక వాక్యం మీద తెల్ల ఇంకు పూసి, ఆరాక దాని మీద గుండ్రటి అక్షరాలతో 'కానీ డాక్టరు వచ్చేడు, బతికేసేడు' అని రాసి ఉంది. అచ్చు అక్షరాల మధ్య అది నాకెందుకు కనిపించలేదో తెలియదు. ఆ రెండింటి గురించి కూడా నేను బ్లాగులో రాశాను. రెండూ కాస్త క్లుప్తంగా, ఆశావాదంతో ఉన్నాయని మెచ్చుకున్నాను.

తీసేసిన పేజీలు పారేయలేదు. పాత డైరీ ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టి, తన బట్టల కింద దాచింది. స్కేలు పెట్టి బ్లేడుతో కోసింది. అంచు ఎక్కడా చిరగలేదు. వంటింట్లో నిలబడి ఆ నాలుగు కాగితాలూ చదివాను.

నవలలో అన్నిటికన్నా మంచి అధ్యాయం అదే. ఆ వానలో కండక్టరు విజిల్ వేశాడు, తలుపు తెరుచుకుంది, ప్రయాణికులు ఎక్కారు. కుక్క కూడా ఎక్కిందనుకుని ఆయన రైట్ చెప్పాడు. అది ఎక్కలేదు. ఏడుపు పుట్టించే మాట ఒక్కటి కూడా లేదు. ఆ తర్వాత ఆయన ఎవరెవరికి ఏ టికెట్లు కొట్టాడో వరసగా ఉంది. ఆ టికెట్ల వరస దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. స్టవ్ మీద పప్పు మాడిన వాసన వచ్చి నా భార్య లోపలికి వచ్చింది. నన్ను చూసి, స్టవ్ ఆపేసింది.

కుక్కని చంపడం చవక పని అని నేను రాసిన వాక్యం అప్పటికింకా బ్లాగులో అలాగే ఉంది.

మర్నాడు పిల్లల్ని బడికి పంపి, రచయితకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ప్రెస్సుదీ తప్పు లేదని, బైండింగుదీ తప్పు లేదని, తప్పు మా ఇంట్లోనే జరిగిందని చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"మీ గుంటకి ఎన్నేళ్ళు?"

"పదేళ్ళండి."

"బ్లేడుతో కోసిందా?"

"స్కేలు పెట్టి కోసిందండి."

"సరే. ఆదివారం వస్తన్నాను," అన్నాడు.

ఎందుకు వస్తున్నారని అడగడానికి ధైర్యం చాలలేదు. ఆదివారం దాకా అమ్మాయికి కూడా చెప్పలేదు. చెప్పాక ఆమె అడిగింది ఒకటే: "ఆయనకి కోపమొచ్చిందా?" తెలియదన్నాను. ఆమె వెళ్ళి తల దువ్వుకుని, ఆ నాలుగు కాగితాలూ తెచ్చి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

ఆయన పది గంటల బస్సుకి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతిసంచిలో జామకాయలు తెచ్చాడు. నా భార్య కాఫీ ఇచ్చి, అబ్బాయిని వెంటబెట్టుకుని పాల ప్యాకెట్లకని బజారుకి వెళ్ళింది. ఫ్రిజ్‌లో పాలున్నాయి. వాడి ముందు ఈ మాటలు వద్దని ఆమె ఉద్దేశం.

ఆయన కాగితాలు చేతిలోకి తీసుకుని అంచులు చూశాడు. "బాగా కోసేవు," అన్నాడు.

అమ్మాయి ఆయన చేతిలోని కాగితాలనే చూస్తోంది.

"నువ్వు సదివేవా ఇది?"

"మూడుసార్లు సదివేను తాతా."

"ఎలగుంది?"

"బాగుంది. అందుకే పారేయలేదు." మళ్ళీ తనే అడిగింది. "అది నిజం కుక్కేనా?"

"నిజం కుక్కే."

"మీ బస్సు కిందే పడిందా?"

"మా బస్సు కిందే. రైట్ సెప్పింది నానే." ఆయన కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "డ్రైవరు దిగేడు, నానూ దిగేను. పక్కకి తీసి పెట్టేము. బస్సునిండా జనం ఉన్నారు, కదిలిపోయేము. సాయంత్రం ట్రిప్పులో మళ్ళీ ఆపి, ఇద్దరం పాతిపెట్టేము. గునపం లేదు. జాకీ రాడ్డుతో తవ్వేము."

అమ్మాయి కాగితాల వైపు చూసింది. "పాతిపెట్టినట్టు ఇందులో లేదు."

"లేదు."

"ఎందుకు రాయలేదు?"

"రాసేను. బాగా రాలేదు. సదూకోలేకపోయేను. తీసేసేను."

"మరి మీరు కూడా తీసేసేరు గదా తాతా," అంది అమ్మాయి. తప్పు పట్టినట్టు అనలేదు. సందేహం తీర్చుకుంటున్నట్టు అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను పక్కకి తిరిగి జామకాయలు గిన్నెలో పెట్టడం మొదలుపెట్టాను. ఆయన చాలాసేపు తల ఊపుతూ కూర్చున్నాడు. తర్వాత అమ్మాయి, మా కాపీలో మళ్ళీ అతికించేయమంటారా అని అడిగింది. "తమ్ముడికి నువ్వు సెప్పిన కథ పూర్తయ్యేక అతికించు," అన్నాడు.

అప్పుడే అబ్బాయి పాల ప్యాకెట్టు మోసుకుంటూ వచ్చాడు. ఈయన బస్సు కండక్టరని అక్క చెప్పగానే వాడు ప్యాకెట్టు కింద పెట్టేసి ఆయన మోకాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. కుక్క, పాసు, వైజాగు, బీచి, ఆదివారం రావడం అన్నీ వరసగా చెప్పాడు. ఆయన అడ్డు తగలకుండా మొత్తం విన్నాడు.

"పాసు మీరే ఇచ్చేరా?" అని వాడు అడిగాడు.

"నానే ఇచ్చేను," అన్నాడాయన.

మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటల బస్సుకి వెళ్ళిపోయాడు. బస్టాండు దాకా నేను వెంట వెళ్ళాను. దారిపొడుగునా ప్రెస్సతన్ని అన్న మాటల గురించే బాధపడ్డాడు. క్షమించమని నేను అడగబోయినప్పుడల్లా బస్సు టైము గురించి మాట్లాడాడు.

ఆ వారం నేను బ్లాగులో సవరణ రాశాను. ఎనిమిది పేజీలు లేని పుస్తకాన్ని రెండుసార్లు చదివి మరీ మెచ్చుకున్నానని, నేను పొగిడిన నిగ్రహం రచయితది కాదని, మా అమ్మాయిదని రాశాను. కుక్క ఎందుకు చావాల్సి వచ్చిందో, ఆ అధ్యాయం ఎందుకు గొప్పదో రాశాను. కామెంటు పెట్టిన పాఠకుడికి క్షమాపణ చెప్పాను. 'తొందర లేకుండా మళ్ళీ చదివినందుకు సంతోషం' అని అతను రాశాడు. నేను అంతకుముందూ ఆ తర్వాతా రాసినవాటిలో జనం ఎక్కువగా చదివింది అదే. పెళ్ళి బస్సుకి పైన కూడా మనుషులు ఎక్కారు. రచయిత దగ్గర విప్పిన కట్టలు సంక్రాంతి దాటే లోపు దాదాపు ఖాళీ అయ్యాయని ఆయన మనవడు మెసేజి పెట్టాడు. ప్రెస్సతనికి తాత స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చాడని కూడా.

అప్పటి నుంచి ఇంట్లోకి వచ్చే పుస్తకాన్ని ముందు అమ్మాయే చదువుతుంది. కోయకూడదని ఒప్పందం. తమ్ముడికి పనికిరాదనుకుంటే లోపల ఒక చీటీ పెడుతుంది. చీటీ మీద పేజీ నంబరు, ఎవరు చచ్చిపోతారో ఉంటాయి. నేను పుస్తకం తెరవగానే అదే కనిపిస్తుంది. ఆ రకంగా దాదాపు ఏడాదిగా నేను చదివిన ఏ నవలలోనూ నాకు ఆశ్చర్యం అన్నది లేదు. ఫిర్యాదు చేసే హక్కు కూడా లేదు.

ఈ ఎండాకాలం అబ్బాయికి చదవడం వచ్చింది. కూడబలుక్కుని చదువుతాడు గాని ఆగడు. వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అమ్మాయి ట్యూషన్‌కి వెళ్ళినప్పుడు వాడు గదిలో చప్పుడు లేకుండా ఉన్నాడు. వెళ్ళి చూస్తే మంచం మీద బోర్లా పడుకుని కుక్క నవల చదువుతున్నాడు. టేపుతో అతికించిన పేజీల దగ్గర ఉన్నాడు. తీసుకుందామని చెయ్యి చాచాను. అప్పటికే వాడి వేలు చివరి పేరా కింద ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

వాడు పూర్తి చేసి పుస్తకం మూశాడు. కాసేపు అట్ట మీద బస్సు బొమ్మ చూశాడు. నేను పక్కన కూర్చున్నాను. ఏడుస్తాడేమోనని, జ్వరం వస్తుందేమోనని వీపు మీద చెయ్యి వేసి చూశాను. ఒళ్ళు చల్లగానే ఉంది.

"నాన్నా," అన్నాడు. "అక్కకి సెప్పకు."

"ఏమని?"

"కుక్క సచ్చిపోయిందని నాకు తెలిసిపోయిందని. అది ఏడుస్తాది."

చెప్పనన్నాను. వాడు పుస్తకం తీసుకెళ్ళి, ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టి వచ్చాడు. సాయంత్రం అమ్మాయి వచ్చాక, కుక్క ఈ ఆదివారం వస్తుందా అని ఆమెనే అడిగాడు. వానలు కదా, బస్సులు ఆలస్యం అంది ఆమె. సరే అన్నాడు.

నేను ఇప్పటిదాకా అమ్మాయికి చెప్పలేదు. ఇక్కడ రాశాను గాని దాని వల్ల ప్రమాదం లేదు. మా అమ్మాయి నేను రాసేవి చదవదు.